మా అన్న చూడని పెళ్లి

మా అన్న తన కూతురి పెళ్లికి రాలేదు. ఈ మాట మొదటే రాసిపెట్టాలి. మా వూళ్లో ఇప్పుడు ఎవరిని అడిగినా వచ్చాడనే చెబుతారు మరి. ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్లతో చూశామంటారు. చూసిన మాట నిజమే. నేనూ చూశాను. వాళ్ల పక్కనే కూర్చుని, వాళ్లతో పాటు ఏడ్చాను కూడా.

పెళ్లి హోసూరులో జరిగింది. మా మేనకోడలూ ఆ అబ్బాయీ ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. అబ్బాయి కర్నూలు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. కులం వేరు. మా అన్నకు ఆ ఒక్క మాట చాలింది. పురోహితుడూ ముహూర్తమూ లేకుండా, దండలు మార్పించి, నాలుగు మాటలు చెప్పి ఆ పెళ్లి జరిపించింది నేను. అలాంటి పెళ్లిళ్లు నా చేతుల మీద చాలా జరిగాయి. ఏ ఒక్కదానికీ నేను సిగ్గుపడను, దీనికీ పడను. కానీ అద్దెకు తెచ్చిన కుర్చీల్లో సగం ఖాళీగా ఉండిపోయాయి. మా వైపు నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. మా వదినకు రావాలని ఉంది, అన్న పంపలేదు.

ఆ తర్వాత వేప్పనపల్లి దగ్గరి మా వూరికి పోయినప్పుడు అన్న ఒక్కసారే ఆ సంగతి ఎత్తాడు.

"మీటింగుల్లో మాట్లాడేవి మీటింగుల్లోనే వుంచుకోవల్ల. నువ్వు నా గడప లోపలికి తెచ్చినావు."

"గడప లోపలే కదన్నా వాటితో పని," అన్నాను.

అంతటితో ఆగిపోయింది. మామిడి కాపు గురించి మాట్లాడేవాడు, వాన గురించి మాట్లాడేవాడు, తాను హోసూరులో లేతు మెషిన్ మీద పనిచేసిన రోజుల గురించి కూడా మాట్లాడేవాడు. కూతురి మాట నేను ఎత్తితే తలెత్తి కొమ్మలు చూసేవాడు. కాయ ఉన్నా లేకపోయినా చూసేవాడు.

మామిడి పూతకు మందు కొడుతూ తోటలోనే కూలబడ్డాడు. కృష్ణగిరి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. పిల్ల హోసూరు నుంచి వచ్చింది. ఐసు పెట్టె అద్దంలోంచి నాయన ముఖం చూసింది. ఎవరూ అడ్డం పడలేదు, ఎవరూ దగ్గరికి పిలవలేదు. పెట్టెకు ఆనుకుని ఏడుస్తున్న తల్లి చెయ్యి చాచింది గానీ మధ్యలో ఇంతమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, ఆ చెయ్యి అందలేదు. పిల్ల కాసేపు నిలబడి, వచ్చిన బస్సులోనే తిరిగిపోయింది.

మా వైపు చావుకు కొత్త ఆచారం ఒకటి పుట్టింది. వీధి మొదట్లో పోయినవాళ్ల ముఖంతో ఫ్లెక్సీ కట్టడం పాతబడింది. ఇప్పుడు దినాలకు తెర కూడా తెస్తున్నారు. స్టూడియోవాళ్లు పోయినవాళ్ల బొమ్మలూ వీడియోలూ అతికించి, వెనక పిల్లనగ్రోవి పెట్టి, ఒక చిన్న సినిమా చేసిస్తారు. దాన్ని పెద్ద తెర మీద వేసి, అందరూ ఏడ్చి, తర్వాత భోజనాలకు లేస్తారు. చచ్చినవాడికి పిండాలు పెట్టి కాకుల్ని పిలవడం మానండని నేను జీవితమంతా చెబుతూ వచ్చాను. కాకులను మానలేదు, పక్కన తెర చేర్చారు.

అన్న దినాలకు కూడా తెర వచ్చింది. చేయించింది మా వదినే. పక్కింటివాళ్ల ఫోనులో స్టూడియోకు మాట్లాడి, పిల్ల బొమ్మ కూడా వేయాలని చెప్పిందట. "ఒక్క బొమ్మన్నా పడల్ల," అందట. పిల్ల తన పెళ్లి వీడియో పంపింది. ఆమెనూ రమ్మన్నారు. వచ్చి నా పక్కన, చివరి కుర్చీలో కూర్చుంది.

మొదట మబ్బులు వచ్చాయి. ఓటరు కార్డు బొమ్మ వచ్చింది. యూనిఫారంలో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిన అన్న, మామిడి బుట్టల మధ్య కూర్చున్న అన్న. జనం మెల్లగా మెడలు వంచి చూస్తున్నారు. అప్పుడు పిల్ల వచ్చింది. మెడలో దండ, వంచిన తల. తల పైకెత్తి ఎదురుగా ఎవరినో చూసింది. వెంటనే తెర నిండా అన్న ముఖం. కళ్లు పెద్దవై, మెల్లగా చిన్నవయ్యాయి. పెదవి వణికింది. కుడిచెయ్యి గుండె మీదికి పోయింది. నవ్వు రాబోయి ఆగి, మళ్లీ వచ్చింది. తెర మీద పిల్ల నవ్వింది. మళ్లీ అన్న, తువ్వాలు కొసతో కంటి చివర తుడుచుకుంటున్నాడు. మళ్లీ మబ్బులు.

నా ముందు వరసలో ఒక ముసలమ్మ చప్పున లేచి నిలబడింది.

"పోయినాడే. చూడు, పోయి నిలబడినాడే ఆ మనిషి."

"మనకు ఒక్క మాట చెప్పినాడా?"

"చెప్తాడా? వానికి మీసం అడ్డమొచ్చె. లోపల మాత్రం వెన్న."

"నిన్నటిదాకా రాయి అంటివి కదా నువ్వు."

"నేను యాడ అంటిని? నీ మొగుడు అనింది. గమ్మునుండి ఏడువు."

ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు వింటూనే నాకూ కన్నీళ్లు కారుతున్నాయి. ఇది బాగా గుర్తు. ఎందుకంటే అన్న ముఖం తెర మీద పడిన మొదటి క్షణంలోనే అది ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. తెలిసీ ఏడ్చాను.

అది గురుబరపల్లి దగ్గర ఒక వూళ్లో ఎద్దులు వదిలే పండగ. పిల్ల పెళ్లయ్యాక, పోయిన ఏడు అన్న నన్ను రమ్మన్నాడు. మూగజీవాన్ని బెదిరించి పరుగెత్తించడం ఏం పండగని వాదించడానికే నేను పోయాను. వీధి పక్కన కంచెలా కట్టిన వెదురు గళ్లు పట్టుకుని పక్కపక్కన నిలబడ్డాం. కొమ్ములకు రంగు కాగితాల పలక కట్టిన నల్ల ఎద్దు ఒకటి వీధి మలుపు తిరిగింది. నేను ఏదో అంటున్నాను. అన్న వినలేదు. ఆ చూపు, గుండె మీది ఆ చెయ్యి, రాబోయి ఆగిన ఆ నవ్వు, అన్నీ ఆ నల్ల ఎద్దుకు. కళ్లు తుడుచుకున్నది దుమ్ముకు. పండగను వీడియో తీసిందీ అదే స్టూడియో.

మా వూరి మగవాళ్లు చాలామంది ఆ రోజు ఆ గళ్ల దగ్గర మాతోనే ఉన్నారు. ఒక్కరికీ గుర్తు రాలేదు. వాళ్లను తప్పుపట్టను. దండ వేసుకున్న కూతురి పక్కన పెట్టాక ఆ ముఖం వాళ్లు చూసిన ముఖం కాకుండా పోయింది.

దీన్ని సినిమావాళ్లు మాంటేజ్ అంటారు. నాకు ఇది కొత్తది కాదు. హోసూరు కార్మికుల మధ్య నేను చెప్పిన పాఠాల్లో ఇదొకటి. మా వీధిలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ ముఖాన్ని ఫోనులో తీసుకుని, ఆమె అనుమతితోనే, రెండు రకాలుగా అతికించి చూపేదాన్ని. ముఖం తర్వాత అమ్మవారి విగ్రహం పెడితే, "ఎంత భక్తో," అనేవాళ్లు. అదే ముఖం తర్వాత ఖాళీ సంగటి కుండ పెడితే, "పాపం, ఎన్నాళ్లయిందో తిని," అనేవాళ్లు. ముఖం ఒక్కటే, దానిలో ఉన్నది ట్యాంకరు ఇంకా రాలేదన్న విసుగు. రోగి మూలుగు, స్వామి చెయ్యి, నడిచిపోతున్న కాళ్లు: ఈ మూడు ముక్కలతో మహిమలు తయారవుతున్నాయని చెప్పేదాన్ని. తెర మీద ఏ ముక్కా అబద్ధమాడదు, రెండు ముక్కల నడుమ ఖాళీలో అబద్ధం పుడుతుంది, దాన్ని కనేది మనమే, అందుకే దాని మీద అంత ప్రేమ అనేదాన్ని. ఏ బొమ్మ చూసినా అతుకు ఎక్కడుందో అడగండి, మధ్యలో ఏం తీసేశారో అడగండి అని ముగించేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ రోజు తెర ఆరిపోయాక జరిగింది మాత్రం నా పాఠాల్లో లేదు. మాకు పెదనాయన వరసయ్యే పెద్దమనిషి ఒకాయన అరుగు మీంచి లేచాడు. పిల్ల పెళ్లి తప్పని తీర్పు చెప్పింది ఆయనే. అదే అరుగు మీద ఆయనతో నేను శాస్త్రం మాట్లాడాను, చట్టం మాట్లాడాను, రక్తంలో కులం ఏ డాక్టరుకు కనపడిందో చెప్పమని అడిగాను. ఒక్క మాటా ఆయన చెవి దాటి లోపలికి పోలేదు. ఇప్పుడు ఆయన తువ్వాలుతో ముక్కు తుడుచుకుని పిల్లను పిలిచాడు.

"వాడే పోయి చూసినాక అడ్డం చెప్పేదానికి మనమెవురు? రామ్మా. లోపలికి రా. అమ్మ దగ్గర కూర్చో."

వదిన వచ్చి కూతురి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. నేను కుర్చీలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ల వాదన తెరవలేని తలుపును ఒక ఎద్దు తెరిచింది. దీనికి సంతోషించాలో, కోపగించాలో తెలియలేదు. తలుపు తెరుచుకుంది కదా, ఎలా తెరుచుకుంటే ఏమని అనుకోబోయాను. అలా అనుకునే మనిషినైతే మహిమలు చూపేవాళ్లతో నాకు ఇన్నేళ్ల పేచీ ఎందుకు?

భోజనాలయ్యాక వదిన నా పక్కన చేరింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా ముఖంలో వెలుగుంది.

"పెళ్లి పొద్దు తెల్లారే నీళ్లు పోసుకున్నాడు పాపా. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. యాడికి అంటే కుప్పానికి అన్నాడు. పొద్దుగూకినాక వచ్చినాడు. నాకు అప్పుడే అనుమానం. అడిగితే కొడతాడేమో అని అడగలేదు."

నేను లేచాను. పెరట్లో పిల్ల చెయ్యి కడుగుతోంది. చెయ్యి శుభ్రమైపోయినా నీళ్లు పోసుకుంటూనే ఉంది. నేను దగ్గరికి పోగానే తలెత్తకుండా అడిగింది.

"అత్తా, మా నాయన యాడ నిలబడుకోనుండె? నువ్వు చూసినావా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నువ్వే కదా చెప్తావు, అతుకు యాడుందో అడగమని. అడుగుతా వుండా."

అడిగినవాళ్లకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఎద్దుల పండగని చెప్పాను.

"ఏ ఎద్దు?"

"నల్లది."

ఆమె చెంబు కింద పెట్టింది. "వచ్చిండడని నాకు తెల్సు. పందిట్లో వాకిలి దిక్కే చూస్తా వుంటి కదా, వచ్చింటే కనిపించడా? అయినా ఆ చూపు చూసినాక మనసు నిలవలేదు. రాకుంటే పోయె. మనసులోనన్నా నన్ను ఒప్పుకొన్నాడా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు నాకు. ఆ వీడియో అంతా ఒకసారి చూడల్ల అత్తా. కోయంది."

రెండు రోజులకు కృష్ణగిరి బస్టాండు పక్కన, సెల్‌ఫోన్ల అంగడి పైన ఉన్న ఆ స్టూడియోకు పోయాం. ఎడిటింగ్ చేసేది ముప్పై దాటని మనిషి. మమ్మల్ని చూడగానే కంగారు పడ్డాడు.

"ఏమక్కా, పేరు ఏమన్నా తప్పు పడిందా?"

"లేదప్పా. బాగుంది. బాగుండేదే తప్పు," అన్నాను.

అతను దాన్ని మెప్పుగా తీసుకుని నవ్వాడు. "పాప బొమ్మ వేయమని ఆయమ్మ ఫోన్లో చెప్పింది. ఒంటిగా వేస్తే ఎట్లుంటుంది? ఎవురో ఒకరు చూడల్ల కదా. పెద్దాయన ముఖం మన ఎద్దుల వీడియోలో బ్రహ్మాండంగా పడిండె. వేసినా. అట్లే కూర్చునింది."

"ఆయన ఆ పెళ్లికి పోలేదప్పా."

"అట్లనా," అన్నాడు. కాసేపు మౌస్ అటూ ఇటూ కదిలించాడు. "పోకుంటే ఏమక్కా. పోయినట్లయింది కదా."

నాకు ఒళ్లు మండింది. నువ్వు అతికించినది ఒక మనిషి మనసప్పా, నీకు ఆ హక్కు ఎవరిచ్చారని మొదలుపెట్టాను. పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"మీటింగు మళ్లీ పెట్టుకోత్తా. ముందు బొమ్మ పెట్టమను."

పెట్టాడు. వెదురు గళ్లు, దుమ్ము, జనం కేకలు. అన్న ముఖం. ఆయన పక్కన నా భుజం, ఆగకుండా కదులుతున్న నా చెయ్యి. ఎద్దు కనపడదు, అన్న కళ్లలోనే అది దగ్గరపడుతోంది. చెయ్యి గుండె మీదికి పోయింది. నవ్వు వచ్చింది. ఎద్దు దాటిపోయింది. దుమ్ము లేచింది, కళ్లు తుడుచుకున్నాడు. స్టూడియోలో కోసింది అక్కడ. కోయనిదానిలో బొమ్మ ఇంకా నడిచింది. వీడియో తీస్తున్న మనిషి గొంతు వినిపించింది.

"మీ ఎద్దా పెద్దాయనా?"

"మాకు యాడప్పా ఎద్దులు. చూసేదానికి వచ్చినా."

"ఇంట్లో ఎవురెవురు వుండారు?"

"నేనూ, మా ఇంటామె. అంతే."

అన్న కిందికి చూశాడు. కెమెరా తర్వాతి ఎద్దు మీదికి తిరిగిపోయింది.

పిల్ల కదల్లేదు. ఆ మాట అన్న రోజు నేను పక్కనే ఉన్నాను, కేకల్లో నాకు వినపడి ఉండదు. వినపడి ఉంటే ఆమెను ఇక్కడికి తెచ్చేదాన్ని కాదేమో.

"మళ్లీ పెట్టన్నా," అంది. పెట్టాడు. మళ్లీ అడిగింది. అతను మా ముఖాలు చూసి, టీ తెస్తానని బయటికి పోయాడు.

"అడిగింది ఇంట్లో ఎవురుండారని కదా అత్తా. ఇంట్లో ఇద్దరే. సరిగానే చెప్పినాడు."

"సరిగానే చెప్పినాడమ్మా."

"అంతే అనేటప్పుడు కింద చూసినాడు. చూసినావా?"

"చూసినా."

"ఎందుకు చూసినాడు?"

తెలియదన్నాను. తెలియదు నిజంగానే. ఆ తోపులాటలో ఎవరో కాలు తొక్కి ఉండవచ్చు. కూతురు గుర్తొచ్చి ఉండవచ్చు. కూతురు గుర్తు రాకపోవడమూ జరిగి ఉండవచ్చు. కోయని వీడియోలో నిజం దొరుకుతుందని ఊరూరా చెప్పినదాన్ని నేను. ఇక్కడ కోతే లేదు, అతుకే లేదు, దాని నుంచి మేం తెలుసుకున్నదీ ఏమీ లేదు. ఒక మనిషి అంతే అని నేల చూశాడు. ఆ చూపుకు ముందూ వెనకా ఏం పెట్టుకోవాలో అదే చూస్తూ కూర్చున్న కూతురి ముఖం చూస్తే, ఏ స్టూడియో అక్కరలేదని తెలుస్తోంది. ఆమె నోట్లోంచి ఏడుపు రాలేదు. ఆ ముక్కను ఫోనులోకి ఎక్కించుకుంది. బస్సులో హోసూరు దాకా కిటికీ వైపే కూర్చుంది. దిగేటప్పుడు, "అమ్మకు చెప్పొద్దత్తా," అంది. "చెప్పాలంటే నేనే చెప్తా."

ఆ తర్వాత ఆమె ఆదివారాలు తల్లి దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. నేనూ ఒక ఆదివారం పోయాను. మధ్యాహ్నం, వసారాలో వదిన రాతి మీద చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పిల్ల ఫోనులో దినాలకు వేసిన ఆ వీడియో ఉంది. వదిన చేతులు తుడుచుకుని దాన్ని పెట్టించుకుంది. అన్న ముఖం దగ్గర ఆపమంది. పెద్దది చేయమంది. పిల్ల చేసింది.

"ఈడేందే, గళ్లు మాదిరి కనిపిస్తుంది. నీ పెళ్లికి గళ్లు కట్టినారా?"

పిల్ల నా వైపు చూడలేదు. చెబుతుందనుకున్నాను. చెప్పడానికే ఇన్ని ఆదివారాలు వస్తోందనుకున్నాను.

"కట్టినారమ్మా."

"జనం ఎక్కువా?"

"ఎక్కువే."

వదిన తల ఊపింది. ఆ పెళ్లి గురించి ఆమె కూతుర్ని అడగడం అదే మొదలు. ఏం వండారని అడిగింది, అబ్బాయి అమ్మ ఏం చీర కట్టిందని అడిగింది, దండ మల్లెపూలదా చామంతిదా అని అడిగింది. పిల్ల ఒక్కొక్కటే చెబుతోంది. కొన్ని జరిగినవి, కొన్ని జరగనివి. నా నోట్లో మాట ఉంది. ఏ సభలోనైనా నిలబడి చెప్పగలిగిన మాటే. నేను చింతపండు పీచు లాగుతూ కూర్చున్నాను.

"మీ నాయన తిన్నాడా ఆడ?"

పిల్ల నోరు తెరిచింది. ఆ ఒక్కదాన్నీ ఆమె కల్పించలేకపోయింది. వదినే జవాబు చెప్పుకుంది.

"తినుండడు. నాకు తెలీదా ఆ మనిషి? ఇంటికొచ్చి కాళ్లన్నా కడుక్కోలేదు, అట్లే కూర్చున్నాడు. సంగటి పెడితే తిని, మళ్లీ పెట్టమన్నాడు. ఎప్పుడూ అట్ల అడగడు. పొద్దంతా కడుపు మాడ్చుకున్నాడు."

ఆ రోజు అన్న ఎక్కడికి పోయాడో నాకు తెలియదు. కుప్పానికే పోయాడేమో. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు. ఉతికిన చొక్కాతో పోయి, ఆకలితో తిరిగొచ్చి, అడిగి పెట్టించుకుని తిన్నాడు. అంతవరకు చూసిన మనిషి ఉంది, మా ఎదురుగానే కూర్చుని ఉంది.

పిల్ల ఫోను బోర్లా పెట్టేసింది. చింతపండు పక్కకు నెట్టి తల్లికి దగ్గరగా జరిగింది. స్టూడియోలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"కూర ఏం చేసింటివమ్మా, ఆ పొద్దు?"

"చేసేదేముంది, నీ పెళ్లి పొద్దు. పొయ్యి మీదికి చెయ్యి పోలేదు," అంది వదిన. "ముందునాటి ఉలవచారే కాచి పోసినా."